సూదికి నూరేళ్ళు

మా జిల్లా ఆస్పత్రిలో పుట్టిన పిల్లలు ఎలా ఉన్నారని పైనుంచి ఎవరూ నన్ను ఎప్పుడూ అడగలేదు. వాళ్ళ చేతులకు గుచ్చిన సూదులు ఎలా ఉన్నాయని మాత్రం రోజుకు రెండుసార్లు అడిగేవారు. పొద్దున పదిన్నరకు ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి ఫోన్ మోగేది. ఎత్తి జవాబు చెప్పేవాణ్ణి నేనే.

నా పేరు సదానందం. జూనియర్ అసిస్టెంటును. పన్నెండేళ్ళు జనన ధ్రువపత్రాలు రాసుకుంటూ, ఎవరి జోలికీ పోకుండా, టిఫిన్ డబ్బా ఇంటినుంచి తెచ్చుకుంటూ బతికాను. అలాంటివాణ్ణి ఒక మంచిరోజు చూసి సూదుల విభాగానికి ఇన్‌చార్జిని చేశారు. సూదులకు విభాగం ఏమిటని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. అడిగినందుకు ఒక మెమో ఇచ్చారు. దాన్నే నియామక పత్రంగా భావించమన్నారు.

సంగతి ఏమిటంటే, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకూ, పుట్టగానే జబ్బు చేసిన పిల్లలకూ మందు నోట్లో పోస్తే పనిచేయదు. చేతిమీదో కాలిమీదో దారమంత నరం వెతికి, సూది గుచ్చి, వెంట్రుకంత ప్లాస్టిక్ గొట్టాన్ని లోపల వదిలి, ఇనుప సూదిని బయటికి లాగేస్తారు. ఇక మందులూ సెలైనూ అన్నీ ఆ గొట్టంలోంచే పోవాలి. లోపల ఉండేది గొట్టమే అయినా మా జిల్లాలో కలెక్టరు దగ్గర్నుంచి ఆటో డ్రైవరు దాకా అందరూ దాన్ని సూది అనే అంటారు. అది ఒక రోజో, రోజున్నరో పనిచేస్తుంది. తర్వాత నరం తట్టుకోలేక చేయి వాస్తుంది, లేదా గొట్టం మూసుకుపోతుంది. అప్పుడు దాన్ని తీసేసి ఇంకోచోట గుచ్చాలి. కిలోన్నర బరువున్న పిల్లకు వారంలో ఐదారు చోట్ల గుచ్చుతుంటే చూడలేక తల్లులు వరండాలోకి వెళ్ళిపోతారు.

ఆ వార్డులో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్న నర్సు ఎస్తేరమ్మ. ఆమె పెట్టిన సూది రెండు రోజులు నిలిచేది, కొన్నిసార్లు మూడు. ఆమె పద్ధతిలో పెద్ద రహస్యం ఏమీ లేదు. గ్లౌజుల డబ్బా అట్టను కత్తెరతో వేలెడంత కోసి, మెత్తగా గుడ్డ చుట్టి, పిల్ల చేతికింద బద్దలా పెట్టి కట్టేది. వేళ్ళు మాత్రం కనబడేలా వదిలేది. గంటకోసారి వచ్చి చూపుడువేలితో ఆ చోటు తాకి చూసేది. రవ్వంత వాచిందని తోస్తే ఆ క్షణమే పీకేసేది. సూది ఎక్కువకాలం ఉండాలని ఆమెకేమీ పంతం లేదు. పిల్లలకు ఇంకో పోటు తప్పితే చాలనుకునేది.

ఈ సంగతి రాష్ట్రంలో ఎవరో కనిపెట్టారు. రాష్ట్రమంతా సూది సగటు ఆయుష్షు ఇరవై తొమ్మిది గంటలైతే మా ఆస్పత్రిలో యాభై ఒకటి అని తేలింది. అక్కడితో ఆగి ఎస్తేరమ్మకు ఒక నమస్కారం పెట్టి ఊరుకుంటే ఈ కథ ఉండేది కాదు. రాజధానిలో 'నవజాత సిరామార్గ దీర్ఘాయు మిషన్' పుట్టింది. సిరామార్గమంటే సర్కారు భాషలో సూదే. దానికొక డైరెక్టరు, ఆయనకొక కారు, ఆ కారుకొక స్టిక్కరు వచ్చాయి. మా సూపరింటెండెంట్ డాక్టర్ పరాంకుశం గారికి ఉత్తర్వు అందింది. నవజాత శిశువుల సిరామార్గముల మనుగడ కాలమును గణనీయముగా పెంపొందించు నిమిత్తము తగు చర్యలు గైకొనవలసినదిగా ఆదేశించడమైనదని అందులో ఉంది. లక్ష్యం డెబ్బై రెండు గంటలు.

పరాంకుశం గారు ఒకప్పుడు మంచి పిల్లల డాక్టరు. ఇరవై ఏళ్ళ క్రితం ఆయన చేయి తాకితే ఏడుస్తున్న పిల్ల ఊరుకునేదని ముసలి నర్సులు ఇప్పటికీ చెబుతారు. సూపరింటెండెంట్ అయ్యాక ఆయన తాకిందల్లా ఫైళ్ళనే. ఆయన మొదట చేసిన పని ఎస్తేరమ్మను మాస్టర్ ట్రైనర్‌గా నియమించడం. ఆమె వారంలో నాలుగు రోజులు ఊరూరా తిరిగి, గంటకోసారి సూదిని చూడటం ఎలాగో మిగతా ఆస్పత్రుల నర్సులకు నేర్పాలి. మరి ఇక్కడ సూదుల్ని గంటకోసారి ఎవరు చూస్తారని ఆమె అడిగింది. అందుకోసమే ఒక ఫారం ప్రవేశపెడుతున్నామని ఆయన చెప్పారు.

ఆ ఫారంలో పద్దెనిమిది గడులు. పిల్లకు రోజుకు ఇరవై నాలుగు ఫారాలు. వార్డులో పన్నెండు మంది పిల్లలు. మిగిలిన ఇద్దరు నర్సులూ సూదిని గంటకోసారి చూస్తున్నామని రాసే పనిలో మునిగిపోయి, సూది వంక తల తిప్పే తీరిక లేకుండా పోయారు. నెల తిరిగేసరికి మా సగటు యాభై ఒకటి నుంచి ఇరవై ఆరుకు పడిపోయింది. రాష్ట్రంలోకెల్లా చక్కని ఫారాలు మాత్రం మావే.

డైరెక్టరు గారు ఫోన్‌లో ఏమన్నారో నాకు తెలియదు. పరాంకుశం గారు ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం పెట్టారు. అందులో నేను ఒక పాపం చేశాను, ఒప్పుకుంటున్నాను. సూది ఆయుష్షును ఎలా లెక్కిస్తారని ఆయన అడిగితే, గుచ్చిన సమయం నుంచి తీసిన సమయం దాకా, రిజిస్టరులో ఎలా ఉంటే అలా, అని చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అయితే తీయకపోతే?" అన్నారు.

ఇంత సులువైన ఉపాయం ఇన్నాళ్ళూ తట్టనందుకు అందరికీ కొంచెం సిగ్గుగా ఉన్నట్టుంది.

మర్నాటి నుంచి కొత్త నియమం. ఏ సూదినైనా తీయాలంటే ముగ్గురు సభ్యుల తొలగింపు కమిటీ అనుమతి కావాలి. పరాంకుశం గారు అధ్యక్షులు, ఆస్పత్రి ఆర్‌ఎంఓ, అంటే రెసిడెంట్ మెడికల్ ఆఫీసరు, సభ్యులు, నేను సభ్య కార్యదర్శిని. కమిటీ మంగళవారం మంగళవారం కూర్చుంటుంది. దాంతో బుధవారం గుచ్చిన సూది ఎంత చచ్చుదైనా మళ్ళీ మంగళవారం దాకా బతికి తీరాల్సిందే. వారం తిరగకుండా మా సగటు ఎనభై ఎనిమిదికి ఎగబాకింది. డ్యూటీ డాక్టర్లు మాత్రం ఏం చేస్తారు? మూసుకుపోయిన సూదిని అలాగే ఉంచి మందు కోసం పక్కన ఇంకోటి గుచ్చేవారు. కొందరు పిల్లలకు మూడేసి ఉండేవి. ఒకటి మందుకు, రెండు సగటుకు. ఏ పిల్లకు పోట్లు తగ్గించాలని ఇదంతా మొదలైందో ఆ పిల్లకే పోట్లు పెరిగాయి. అయితే పోట్లు లెక్కించే గడి ఏ ఫారంలోనూ లేదు కాబట్టి ఆ సంగతి బయటపడలేదు.

అలాంటి రోజుల్లో కళావతి బిడ్డ మా వార్డుకు వచ్చింది.

కళావతి పక్క ఊళ్ళో బీడీలు చుట్టే అమ్మాయి. వెంట తల్లి రాజవ్వ వచ్చింది, ఆమెదీ అదే పని. ఎనిమిదో నెలలోనే నొప్పులొచ్చి కిలో ఏడువందల గ్రాముల ఆడపిల్ల పుట్టింది. పుట్టిన రెండో రోజు జ్వరం తగిలింది. బుధవారం పొద్దున శిక్షణకు బస్సెక్కబోయే ముందు ఎస్తేరమ్మ ఆ పిల్ల ఎడమ మణికట్టు మీద సూది పెట్టి, అట్టబద్ద కట్టి వెళ్ళింది. ఏడో నంబరు వార్మర్‌లో, అంటే వెచ్చగా ఉంచే చిన్న మంచంలో, పిల్లను పడుకోబెట్టారు. శనివారానికి మందుల కోర్సు అయిపోయింది. జ్వరం పోయింది. పిల్ల చప్పరించి పాలు తాగుతోంది. డ్యూటీ డాక్టరమ్మ చూసి, సూది తీసేసి రేపు ఇంటికి పంపవచ్చని రాసింది.

ఆ కాగితం కమిటీకి వచ్చింది. అనుమతించడానికైతే మంగళవారం దాకా ఆగాలి గానీ, తిరస్కరించడానికి ఏ వారమైనా ఒకటే. ఆ సూది వయసు డెబ్బై ఐదు గంటలు. వార్డులో నిజాయితీగా బతుకుతున్న సూది అదొక్కటే. పైగా వచ్చే మంగళవారం డైరెక్టరు గారు స్వయంగా వస్తున్నారు. అప్పటికి నూట యాభైకి దగ్గర పడుతుంది, రాష్ట్ర రికార్డు అవుతుంది. పరాంకుశం గారు ఫారం మీద ఎర్రసిరాతో "తొలగింపు తిరస్కరించడమైనది" అని రాసి, సంతకం చేసి, తేదీ వేశారు. కింద ఆర్‌ఎంఓ సంతకం చేశాడు. దాని కింద నేను చేశాను.

సూది ఉన్నదాకా పిల్లకు డిశ్చార్జి ఉండదు. ఆ సంగతి చెప్పడానికి రాజవ్వను గదిలోకి పిలిపించారు. ఆరోగ్యంగా ఉన్న సూదిని అకారణంగా తొలగించడం మిషన్ స్ఫూర్తికి విరుద్ధమని ఆయన ఆమెకు ఓపికగా వివరించారు. పిల్ల బాగుంది, సూదీ బాగుంది, ఇద్దరూ బాగున్నప్పుడు తొందరేమిటని కూడా అన్నారు. రాజవ్వ అంతా విని, "మరి పోరికి మందు వోతలేదు గద సారు, సూదెందుకు?" అని అడిగింది. అది వైద్యపరమైన ప్రశ్న కాబట్టి తన పరిధిలోకి రాదని ఆయన చెప్పారు.

శనివారం నుంచి ఆ సూదికి రాజభోగం. దానికొక కేస్‌షీట్ తెరిచాం. 'చిరాయువు' అని పేరు పెట్టాం. వంద గంటలు నిండినప్పుడు నర్సుల గదిలో కేకు కోశారు. పాలిచ్చేటప్పుడు ఒత్తిడి పడుతుందని తల్లి పిల్లను ఎడమవైపు పట్టుకోకూడదన్నారు. తర్వాత అసలు ఎత్తుకోకూడదన్నారు. కళావతి పాలు గిన్నెలోకి పిండి ఇస్తే నర్సు చెంచాతో పట్టేది. కళావతి అద్దాల తలుపు ఇవతల నిలబడి చూసేది. పదిన్నరకు డైరెక్టరు గారు ఫోన్ చేసి సూది ఎలా ఉందని అడిగేవారు. బాగుంది సార్ అనేవాణ్ణి. పిల్ల ఎలా ఉందని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

సోమవారం పొద్దున కళావతి నా బల్ల దగ్గరికి వచ్చింది. అప్పటిదాకా ఆ అమ్మాయి గొంతు నేను వినలేదు.

"సారు, బిడ్డ చెయ్యి ఉబ్బింది. వేళ్ళు మూస్తలేదు. మీరు సంతకం వెడితె తీస్తమని సిస్టరు జెప్పింది" అంది.

కమిటీ మంగళవారం కూర్చుంటుందని చెప్పాను. లేచి వార్డులోకి వెళ్ళి చూడవచ్చు. వార్డు నా బల్లకు ముప్పై అడుగుల దూరం. నేను చూడలేదు. చూస్తే సంతకం పెట్టాల్సి వస్తుందని నాకు తెలుసు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎన్నో తలదించుకునే పనులు చేశాను గానీ, ఆ అమ్మాయి ఇంకేమీ అనకుండా వెనక్కి తిరిగి వెళ్ళిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ సాయంత్రం ఐదింటికి ఎస్తేరమ్మ శిక్షణ నుంచి తిరిగి వచ్చింది. బస్టాండు నుంచి ఇంటికి వెళ్ళాల్సిన మనిషిని రాజవ్వ గేటు దగ్గరే పట్టుకుంది. ఆమె చేతి సంచీ భుజానే ఉంచుకుని వార్డులోకి వెళ్ళింది, చేతులు కడుక్కుంది, పిల్ల వేళ్ళు చూసింది. ప్లాస్టరు తడిపి మెల్లగా ఊడదీసి సూది పీకేసింది. పిల్ల చేతిని గుడ్డ మీద ఎత్తుగా పెట్టి, కళావతిని లోపలికి పిలిచి ఒళ్ళో పిల్లను పెట్టింది. ఎవరినీ ఏమీ అడగలేదు. నా దగ్గరికి వచ్చి, "నూట ఇరవై ఎనిమిది గంటలు. రాసుకోండి సదానందం సారు" అని చెప్పి ఇంటికి వెళ్ళిపోయింది.

నేను రాసుకోలేదు. పరుగెత్తి పరాంకుశం గారికి చెప్పాను.

ఆయన కాసేపు నుదురు పట్టుకున్నారు. రేపు డైరెక్టరు గారు వస్తున్నారు. శాలువాలు వచ్చాయి, ఫ్లెక్సీ కట్టారు, ఫ్లెక్సీ మీద సూది ఫొటో కూడా వేశారు. ఆయన తొలగింపు నియమావళి తెప్పించుకుని మొదటి నుంచి చివరి దాకా చదివారు. చదువుతుంటే ముఖం విప్పారింది.

"ముగ్గురు సభ్యుల అనుమతి లేని తొలగింపు తొలగింపే కాదు. కాబట్టి నియమం ప్రకారం సదరు సూది ఇంకా కొనసాగుతోంది. భౌతికంగా అది ఎక్కడుందన్నది వేరే విషయం" అన్నారు.

భౌతికంగా అది చెత్తబుట్టలో ఉంది. నేనే పట్టకారుతో వెతికి తీశాను. శిక్షణ సామగ్రిలో పిల్లల్ని ఎలా ఎత్తుకోవాలో తల్లులకు చూపించే రబ్బరు బొమ్మ ఒకటి ఉంది. దాని ఎడమ మణికట్టుకు చిరాయువును అతికించాం. తలకు టోపీ పెట్టి, మెడదాకా గులాబీ రంగు దుప్పటి కప్పి, ఏడో నంబరు వార్మర్‌లో పడుకోబెట్టాం. సెలైన్ సీసా వేలాడదీశాం, కింద నీళ్ళు పడటానికి డబ్బా పెట్టాం. కేస్‌షీట్ మీద 'కళావతి బిడ్డ' అని ఎలాగూ రాసి ఉంది, మార్చాల్సిన పని పడలేదు.

మంగళవారం డైరెక్టరు గారు వచ్చారు. వార్మర్ దగ్గర నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, చాలాసేపు చూశారు.

"ఎంత ప్రశాంతంగా ఉందో చూడండి. సిరామార్గం దీర్ఘకాలం ఉంటే శిశువుకు అసౌకర్యమనే అపోహను ఈ పాప పటాపంచలు చేసింది. అన్ని జిల్లాల శిశువుల నుంచీ ఇటువంటి సహకారం రావాలి" అన్నారు.

చప్పట్లు కొట్టాం. పరాంకుశం గారికి శాలువా కప్పారు. తల్లిని కూడా సత్కరించాలని డైరెక్టరు గారికి బుద్ధి పుట్టింది. కళావతిని పిలిపించారు. ఆ అమ్మాయి ఒళ్ళో అసలు పిల్లతో వచ్చి నిలబడింది, పక్కన రాజవ్వ. ఈ పాప ఎవరని డైరెక్టరు గారు అడిగారు.

"ఆ పాప మా రికార్డులో లేదు సార్" అన్నారు పరాంకుశం గారు.

డైరెక్టరు గారు తల ఊపి ముందుకు నడిచారు. రాజవ్వ మాత్రం ఆ మాటను గట్టిగా పట్టుకుంది. "రికార్డుల లేకుంటె మేం ఇంటికి వోవచ్చు గద సారు" అని నన్ను అడిగింది. నేను నియమావళి తిరగేశాను. రికార్డులో లేని పిల్లను ఆపడానికి మాకు ఏ అధికారమూ లేదు. గేటు దగ్గర వాచ్‌మన్ డిశ్చార్జి కాగితం అడిగితే, ఈ పిల్ల అసలు చేరనే లేదని నేనే వెళ్ళి చెప్పాను. ఇద్దరూ పిల్లను కొంగుకింద దాచుకుని ఆటో ఎక్కారు. అందరిముందూ, పట్టపగలు, శాలువాల ఫొటోలు తీస్తుండగానే వెళ్ళిపోయారు.

తర్వాతి రోజులు మా ఆస్పత్రికి స్వర్ణయుగం. చిరాయువు రెండు వందలు దాటింది, ఐదు వందలు దాటింది. మిగతా జిల్లాల వాళ్ళు ఫోన్ చేసి అంత సహకరించే పిల్ల మీకెక్కడ దొరికిందని అడిగేవారు. ఎవరో తెలివైనవాడు కనిపెట్టినట్టున్నాడు, రాష్ట్రంలో రబ్బరు బొమ్మలకు గిరాకీ పెరిగింది. ఏడో నంబరు పిల్ల ఒంటి వేడి, బరువు రోజూ నేనే రాసేవాణ్ణి. నెల దాటినా గ్రాము కూడా పెరగడం లేదని రాజధానిలో ఒకరికి అనుమానం వచ్చింది. అది స్థిరత్వానికి సూచన అని మేం జవాబు రాశాం, వాళ్ళు సంతృప్తి చెందారు. ఎస్తేరమ్మకు మాత్రం మెమో ఇచ్చి, సూదుల జోలికి పోకుండా టీకాల గదికి మార్చారు. టీకాలు కూడా సూదులేనన్న సంగతి కమిటీ గమనించలేదు.

నెలన్నర టీకా వేయించడానికి కళావతి, రాజవ్వ పిల్లను తీసుకుని వచ్చారు. పిల్ల కాస్త ఒళ్ళు చేసింది. టీకాల గదిలో ఎస్తేరమ్మ కంప్యూటర్‌లో పేరు కొడితే, ఈ శిశువు ప్రస్తుతం ఇన్‌పేషెంట్ అని చూపించింది. వార్డులో చికిత్స పొందుతున్న పిల్లకు బయట టీకా వేయడానికి కంప్యూటర్ ఒప్పుకోదు. జనన ధ్రువపత్రం కోసం రాజవ్వ అంతకుముందే రెండుసార్లు నా దగ్గరికి వచ్చి వెళ్ళింది. డిశ్చార్జి కాని పిల్లకు పత్రం ఇవ్వడం కుదరదు. మందు సీసా పక్కనే ఉంది, పిల్ల ఒళ్ళో ఉంది, రెండింటికీ మధ్య ఏడో నంబరు బొమ్మ ఉంది. టీకా లేకుండా ఈ పిల్లను ఎన్నాళ్ళుంచుకోవాలని కళావతి ఏడ్చింది.

అందరం పరాంకుశం గారి గదికి వెళ్ళాం. ఆయన సమస్యను సానుభూతితో పరిశీలించారు. డిశ్చార్జి చేయాలంటే సూది తీయాలి. సూది తొమ్మిది వందల అరవై ఒక్క గంటల మీద ఉంది, వెయ్యి పూర్తికాకుండా తీస్తే డైరెక్టరు గారు ఒప్పుకోరు. వెయ్యి అయ్యాక తీస్తారా అని రాజవ్వ అడిగింది. అప్పుడు పైవారి ఆదేశం ఎలా ఉంటే అలా అన్నారు. ఇంకేమైనా దారి ఉందా అని ఎస్తేరమ్మ అడిగింది. ఆయన ఆలోచించి, ఇన్‌పేషెంట్ జాబితా నుంచి పేరు తొలగడానికి డిశ్చార్జి కాక ఇంకొక్క కారణమే ఉందని, అది మరణమని, కుటుంబానికి అభ్యంతరం లేకపోతే ఆ గడిలో రాయించి కొత్తగా నమోదు చేసుకోవచ్చని సూచించారు.

కళావతి పిల్లను గుండెకు అదుముకుంది. రాజవ్వ కుర్చీ పట్టుకుని నిలబడింది. ఆమె గొంతు పెంచలేదు.

"సచ్చింది సూది సారు. ఎన్నడో సచ్చింది. దానికి దినాలు లెక్కవెడుతున్నరు. మా పిల్ల బతికున్నది. గీ పిల్లను ఒక్కసారన్న సూడుండ్రి" అంది.

ఆయన చూడలేదు. ఫోన్ మోగింది. పదిన్నర అయింది.

బయటికి వచ్చాక ఎస్తేరమ్మ తిన్నగా వార్డువైపు నడిచింది. తల్లీకూతుళ్ళు ఆమె వెంట నడిచారు. నేను రిజిస్టరు చంకన పెట్టుకుని వాళ్ళ వెంట నడిచాను. ఎందుకు నడిచానో నాకే తెలియదు. ఆ సోమవారం కళావతి కోసం నడవని ముప్పై అడుగులు ఆరోజు నడిచాను.

ఏడో నంబరు దగ్గర ఆమె ఆగి నన్ను అడిగింది. "పిల్లలు వాళ్ళంతట వాళ్ళే సూది పీకేసుకుంటె కమిటీ పర్మిషన్ కావాల్నా సారు?"

నేను నియమావళి తీశాను. రాసింది నేనే, అయినా చదివి చూసుకోవాలి కదా. "అక్కర్లేదు. శిశువు స్వయంగా తొలగించుకున్నచో అనుమతి వర్తించదు" అని చెప్పాను.

ఎస్తేరమ్మ కళావతి చేతుల్లోంచి పిల్లను తీసుకుని వార్మర్ అంచుదాకా వంచింది. బొమ్మ చేతినుంచి వస్తున్న గొట్టాన్ని పిల్ల అరచేతిలో పెట్టింది. ఆ వయసు పిల్లలు అరచేతిలో ఏది పడితే దాన్ని బిగించి పట్టేస్తారు, ఎవరూ నేర్పక్కర్లేదు. పిల్ల పట్టేసింది. ఎస్తేరమ్మ పిల్లను మెల్లగా పైకెత్తింది. ప్లాస్టరుతో సహా చిరాయువు ఊడి వచ్చింది.

టైము చూసి రాశాను. పదకొండు గంటల ఐదు నిమిషాలు. తొలగించినవారు: శిశువు. సాక్షి: సదానందం, జూనియర్ అసిస్టెంట్. కొన్ని నెలల తర్వాత ఆ రిజిస్టరులో కళ్ళారా చూసింది రాయడం నాకదే మొదటిసారి.

కబురు అంది పరాంకుశం గారు పరుగున వచ్చారు. బొమ్మ చేతినీ, పిల్ల పిడికిట్లో వేలాడుతున్న గొట్టాన్నీ చూశారు. అది తీసి మళ్ళీ అతికించమని ఎవరికీ చెప్పలేదు, తనే లాగబోయారు. పిల్ల వదల్లేదు. ఆయన రెండోసారి లాగలేదు. వేలి కొసతో పిల్ల చేతి వెనుక భాగాన్ని మణికట్టు నుంచి మెటికల దాకా మెల్లగా నిమిరారు. పిడికిలి దానంతటదే విచ్చుకుంది. అలా చేస్తే విచ్చుకుంటుందని ఏ ఫారంలోనూ రాసిలేదు. ఆయన చేతికి ఇంకా గుర్తుంది, అంతే.

విచ్చుకున్న చేయి ఎడమచేయి. మణికట్టు మీద రూపాయి బిళ్ళంత నల్లని మచ్చ, గట్టిపడి ఉంది.

"ఇదేమిటి?" అన్నారు.

"సూది వాచిన చోటు సార్" అంది ఎస్తేరమ్మ.

"ఎన్ని గంటలు ఉంచారు?"

"నూట ఇరవై ఎనిమిది సార్" అన్నాను.

"ఇంత వాచేదాకా ఎవరు ఉంచారయ్యా?" అన్నారు. ఆ అడగడంలో సూపరింటెండెంట్ లేడు. నిజంగా తెలియక, కోపంతో, ఒక పిల్లల డాక్టరు అడిగాడు.

కేస్‌షీట్‌లో శనివారం నాటి ఫారం తెరిచి ఆయన ముందు పెట్టాను. ఎర్రసిరా. ఒకే ఒక్క వాక్యం. కింద మూడు సంతకాలు, అన్నిటికన్నా పైన ఆయనది, అన్నిటికన్నా కింద నాది. ఆయన దాన్ని చాలాసేపు చదివారు. అంతసేపు చదవడానికి అందులో ఏమీ లేదు. ఈలోగా పిల్ల ఆయన కుడిచేతి చూపుడువేలు పట్టుకుంది.

డిశ్చార్జి కాగితం తెమ్మన్నారు. తెచ్చాను. వార్మర్ అంచుమీద పెట్టి, ఎడమచేత్తో సంతకం చేశారు. ఎస్తేరమ్మ అక్కడే టీకా వేసింది. పిల్ల వార్డంతా దద్దరిల్లేలా ఏడ్చింది, ఏడుస్తూ కూడా ఆయన వేలు వదల్లేదు. కళావతి వచ్చి ఎత్తుకునేదాకా ఆయన అలాగే వంగి నిలబడ్డారు.

నెల తర్వాత మిషన్ కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. రికార్డు సృష్టించిన సూది తొమ్మిది వందల అరవై రెండో గంటలో ఆగిపోవడంపై విచారణలో భాగంగా ఫైలు పరిశీలించగా, తొలగింపు తిరస్కరణ మీది సంతకమూ డిశ్చార్జి మీది సంతకమూ ఒకే అధికారివిగా కనబడుటలేదని, వ్యత్యాసమునకు కారణము తెలుపవలసినదని అందులో ఉంది. రెండూ సూపరింటెండెంట్ గారివేనని, మొదటిది చేసేటప్పుడు ఆయన కుడిచేయి ఖాళీగా ఉందని, రెండోది చేసేటప్పుడు లేదని జవాబు రాసి పంపాను.